చియా గింజలు - సబ్జా గింజలు
గుణములు, పూర్వపు వాడుక, జాగ్రత్తలు

(ఒక వ్యవసాయాధికారి, కొండపల్లి ప్రాంతము)

ఫాల్గుణము దాటి ఎండలు ముదిరినంతనే బెజవాడ, ఇబ్రహీంపట్నము, కొండపల్లి దారుల ప్రక్కన షర్బతు బండ్లు వెలయుట మనకు క్రొత్త కాదు. నిమ్మకాయ రసములోనో, సుగంధపాల షర్బతులోనో తేలియాడు నల్లని సబ్జా గింజలను చిన్ననాటినుండి త్రాగినవారమే. అయితే గత కొన్ని సంవత్సరములుగా వాటిని పోలిన మరియొక గింజ బజారులోనికి వచ్చినది. దాని పేరు చియా. కిరాణా దుకాణములలోను, మందుల దుకాణములలోను, సెల్‌ఫోను ద్వారా తెప్పించుకొను సరకులలోను ఇప్పుడు చియా పొట్లము కానవచ్చుచున్నది. దానిని గురించి వినవచ్చు మాటలలో నిజము కొంత, అతిశయోక్తి కొంత కలదు. ఏది నిజమో తెలిసికొనుట రైతు కుటుంబములకు అవసరమని తోచి ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ఒక రైతు అడిగిన మూడు ప్రశ్నలు

నా పరిధిలోని ఒక పెద్ద రైతు ఇంటికి పోయిన వేసవిలో వెళ్ళియుంటిని. ఆయనకు విజయవాడకు దిగువన కాలువ క్రింద రెండెకరముల మాగాణియు, కొండపల్లి దగ్గర అరెకరము మెట్టయు కలవు. వయస్సు అరువది దాటినది. చక్కెర వ్యాధి, రక్తపోటు రెండును ఉన్నవి. అరుగుమీద కూర్చుండగనే ఒక పొట్లము విప్పి నా చేతిలో పోసినాడు.

"ఏవో గారూ, ఇవేనండీ చియా గింజలు. మా అబ్బాయి ఫోనులో చెబితే బెజవాడలో కొన్నాను. ఇవి మొదలుపెట్టాక ఇరవై రోజుల్నించీ బిళ్ళలు మానేశాను. ఈ ఏడు వరి కోతల్లో మినుము మానేసి ఇవే చల్లుదామా అని చూస్తున్నా. మీరేమంటారు?"

లోపలినుండి ఆయన భార్య మజ్జిగ తెచ్చి యిచ్చుచు, "మీరైనా చెప్పండి బాబూ. ఈయన నా మాట వినరు. బిళ్ళలు మానొద్దంటే నీకేం తెలుసంటారు" అనెను.

ఆ మాటలలో మూడు ప్రశ్నలు కలవు. ఇవి నిజముగా చియా గింజలేనా? మందునకు బదులు ఇవి పనిచేయునా? మినుమునకు బదులు ఇవి పండునా? మన రైతులలో పెక్కుమంది అడుగుచున్న ప్రశ్నలు గూడ ఇవే. వరుసగా చూతము.

గుర్తించు విధము

ఆ పొట్లములోనివి చియా గింజలు కావు. నాణ్యమైన సబ్జా గింజలే. సబ్జాకు చియా వెల పెట్టి ఆయన కొనెను.

ఈ రెండు మొక్కలును తులసి కుటుంబమునకే చెందినవి. సబ్జా మొక్కను మనవారు రుద్రజడ, భూతులసి అని పిలుచుదురు. దాని శాస్త్రనామము ఆసిమమ్ బాసిలికమ్. చియా మొక్క శాస్త్రనామము సాల్వియా హిస్పానికా. హిస్పానికా అనగా స్పెయిన్ దేశపుది అని అర్థము. కాని అది స్పెయిన్ దేశపుది కాదు. మెక్సికో, గ్వాటెమాలా దేశములు దాని జన్మభూమి.

గింజలను అరచేతిలో పోసికొని వెలుతురులో చూడవలెను. సబ్జా గింజలు అన్నియు ఒకే నలుపుగా, మెరుపులేక, కొంచెము కోలగా ఉండును. చియా గింజలు గ్రుడ్డు ఆకారములో నునుపుగా మెరయుచు, బూడిద, గోధుమ, నలుపు రంగుల మచ్చలతో ఉండును. నడుమ నడుమ తెల్లని గింజలును కనిపించును.

ఇంకను అనుమానమున్నచో నీటిలో వేసి చూడవలెను. సబ్జా గింజ కొద్ది నిమిషములలోనే ఉబ్బి, నల్లని కన్ను చుట్టు తెల్లని పొరతో విడివిడిగా తేలియాడును. చియా నిదానముగా నానును. ఇరువది ముప్పది నిమిషములకు నీరంతయు చిక్కబడి గంజివలె ఒక్కటిగా అగును. చియా గింజ తన బరువునకు సుమారు పదిరెట్లు నీరు పీల్చుకొనగలదు.

పుట్టిన దేశములో వాడుక

చియా క్రొత్తగా కనిపెట్టిన ఆహారము కాదు. మెక్సికోలోని అజ్‌టెక్ ప్రజలకు మొక్కజొన్న, చిక్కుడు, తోటకూర గింజలతోపాటు చియా ముఖ్యాహారముగా నుండెను. సామంత ప్రాంతములు చక్రవర్తికి చెల్లించు కప్పములో చియా గింజలు ఉండెనని 16వ శతాబ్దమునకు చెందిన మెండోజా చిత్రగ్రంథము వలన తెలియుచున్నది. వేయించి పిండిచేసి మొక్కజొన్న పిండితో కలిపి తినుట, నీటిలో నానబెట్టి త్రాగుట, నూనె తీయుట వారి వాడుకలు. 1521లో స్పెయిన్ వారు ఆ రాజ్యమును జయించిన పిమ్మట చియా సాగు క్షీణించి, కొన్ని కొండ ప్రాంతములలో మాత్రమే మిగిలినది. 1991లో అర్జెంటీనాలో ప్రారంభమైన పరిశోధనల తరువాత తిరిగి వ్యాపార పంటగా ప్రపంచమున వ్యాపించినది. మన దేశములో మైసూరునందలి కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ గత దశాబ్దములో కర్ణాటక రైతులకు దీని సాగును పరిచయము చేసినది.

నానిన చియా గింజలలో నిమ్మరసము, పంచదార కలిపి త్రాగుట నేటికిని మెక్సికోలో కలదు. మన సబ్జా షర్బతునకు అది తోబుట్టువు వంటిది. ఎండ దేశముల ప్రజలు ఒకరినొకరు ఎరుగకయే ఒకే ఉపాయమును కనిపెట్టిరి.

కొండపల్లి వారికి ఆసక్తి కలిగించు వాడుక మరియొకటి కలదు. మెక్సికోలోని గెర్రెరో రాష్ట్రములో ఒలినాలా అను ఊరు కొయ్య పెట్టెలకు ప్రసిద్ధి. అక్కడి పనివారు మెత్తని రాతిపొడులను, రంగులను చియా నూనెతో కలిపి సువాసనగల కొయ్యపై పూసి మెరుగు పెట్టుదురు. మన బొమ్మల పనివారు తెల్ల పొణికి కర్రను చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి, సున్నము పూసి రంగులు వేయుదురు గదా! అక్కడ ఆ పనికి చియా నూనె ఆధారము. ఆ నూనె గాలి తగిలినకొలది గట్టిపడి పొరగట్టును. అవిసె నూనెకును ఈ గుణమే ఉన్నందున రంగులలోను, క్రికెట్ బ్యాటుకు పూయుటకును వాడుచున్నారు.

ఈ సంగతి వంటింటికిని పనికివచ్చును. గాలికి త్వరగా మారు నూనె గావున, చియాను గాని అవిసెను గాని పొడి చేసి నెలల తరబడి నిలువయుంచరాదు. కనరు వాసన వచ్చును. వారము పది రోజులకు సరిపడ మాత్రమే పొడిచేసి, మూత బిగించి చల్లని చోట ఉంచవలెను.

పోషక విలువలు

అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారము 100 గ్రాముల గింజలలో ఉండు పోషకములు సుమారుగా ఇట్లున్నవి:

చియా: మాంసకృత్తులు 16.5 గ్రా., క్రొవ్వు 30.7 గ్రా., పీచు 34.4 గ్రా., కాల్షియము 631 మి.గ్రా.

అవిసె: మాంసకృత్తులు 18.3 గ్రా., క్రొవ్వు 42.2 గ్రా., పీచు 27.3 గ్రా., కాల్షియము 255 మి.గ్రా.

పొట్టు తీయని నువ్వులు: మాంసకృత్తులు 17.7 గ్రా., క్రొవ్వు 49.7 గ్రా., పీచు 11.8 గ్రా., కాల్షియము 975 మి.గ్రా.

పీచులో చియా మేటి. ఆ పీచు మలబద్ధకమును పోగొట్టును, కడుపు నిండినట్లు చేయును, భోజనము తరువాత రక్తములో చక్కెర ఒక్కసారిగా పెరుగకుండ కొంత తోడ్పడును. క్రొవ్వులో సగము కంటె ఎక్కువ ఒమేగా-3 జాతికి చెందిన ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లము. ఇది శరీరము తనంత తాను తయారు చేసికొనలేని క్రొవ్వు. 100 గ్రాముల చియాలో ఇది 17.8 గ్రాములు కలదు. కాని అవిసెలో 22.8 గ్రాములు కలదు. అనగా 15 గ్రాముల చియా ఇచ్చునంత ఒమేగా-3 ను 12 గ్రాముల అవిసెయే ఇచ్చును. చేపలలోని ఒమేగా-3 వేరు రకము. గింజలలోనిది శరీరములో ఆ రకముగా మారుట స్వల్పమే. కావున చేపలు తినువారు వాటిని మానవలసిన పని లేదు.

కాల్షియములో నువ్వులదే పైచేయి. అందులో కొంత భాగము పొట్టులోని ఆక్సలేటుతో ముడిపడి శరీరమునకు అందదు. అయినను నువ్వులు మంచి ఆహారమే. రజస్వలయైన ఆడపిల్లలకు నువ్వులు, బెల్లము దంచి చిమ్మిలి పెట్టు మన పెద్దలకు ఈ పట్టికలు తెలియవు. అనుభవము తెలియును.

ఇచ్చట ఒక హెచ్చరిక. అవిసె అనగానే తమలపాకు తోటలలో తీగను ప్రాకించుటకు పెంచు అవిసె చెట్టు మన ప్రాంతమువారికి గుర్తు వచ్చును. ఇది అది కాదు. గింజలనిచ్చు ఈ అవిసె నీలి పూవులు పూయు చిన్న మొక్క. దీని గింజలను మదనగింజలు అనియు అందురు.

మందునకు బదులు అగునా?

కాదు. ఇది స్పష్టముగా చెప్పవలసిన మాట.

చియాపై మంచి పరిశోధనలు జరుగకపోలేదు. కెనడాలోని టొరంటోలో 20 మంది చక్కెర వ్యాధిగ్రస్తులకు 12 వారములపాటు రోజునకు సుమారు 37 గ్రాముల చియా ఇచ్చి చూడగా, రక్తపోటులోని పై అంకె సుమారు 6 పాయింట్లు తగ్గెనని 2007లో ప్రకటించిరి. ఈ ఫలితము మెచ్చదగినదే. కాని వారందరును వైద్యుల పర్యవేక్షణలో, తమ చికిత్సను కొనసాగించుచునే చియా తినిరి. మందు మాని తినలేదు. అమెరికాలో 2009లో ప్రకటించిన మరియొక పరిశోధనలో స్థూలకాయులకు 12 వారములు రోజునకు 50 గ్రాముల చొప్పున ఇచ్చినను బరువు తగ్గలేదు. గింజను గింజగనే తిన్నవారికంటె పొడిచేసి తిన్నవారి రక్తములో ఒమేగా-3 ఎక్కువగా పెరిగెనని 2012లో వేరొక పరిశోధన చూపినది. ఒక్కొక్క పరిశోధన ఒక్కొక్క సంగతి చెప్పును. అన్నిటిని కలిపి చూచినచో, చియా మంచి ఆహారము. మందు మాత్రము కాదు.

రక్తపోటు పెరిగినను మనిషికి నొప్పి తెలియదు. ఇరువది రోజులు బిళ్ళలు మానినను ఏమియు కాలేదనుకొనుట అందువలననే. తెలియకుండ పెరిగిన రక్తపోటు ఒకనాడు పక్షవాతముగా బయటపడవచ్చును. రక్తపోటునకు, చక్కెరకు, రక్తము పలుచబడుటకు మందులు వాడువారు ఈ గింజలను రోజును ఎక్కువ మోతాదులో మొదలు పెట్టదలచినచో ముందుగా డాక్టరుతో చెప్పవలెను. మోతాదు మార్చుట గాని మానుట గాని డాక్టరు చేయవలసిన పని.

వాడు పద్ధతి, జాగ్రత్తలు

1. పొడి గింజలను నోట వేసికొని పైన నీరు త్రాగరాదు. అమెరికాలో 39 సంవత్సరముల వ్యక్తి ఒకడు చెంచాడు పొడి చియా మ్రింగి గ్లాసెడు నీరు త్రాగగా, గింజలు గొంతు దిగువన ఆహారనాళములోనే ఉబ్బి అడ్డుపడెను. వైద్యులు గొట్టము దింపి ఆ అడ్డును తొలగింపవలసి వచ్చెను. ఈ ఉదంతమును 2014లో వైద్యుల సభలో వివరించిరి. అతనికి పూర్వమునుండియే మ్రింగుటలో ఇబ్బంది ఉండెడిది. చిన్నపిల్లలకు, మ్రింగుట కష్టమైన వృద్ధులకు ఈ జాగ్రత్త మరింత ముఖ్యము.

2. ఒక వంతు గింజలకు పది వంతులు నీరు పోసి, ఉండకట్టకుండ రెండుమూడు సారులు కలిపి, చియాను కనీసము అరగంట నాననీయవలెను. సబ్జాకు పది పదిహేను నిమిషములు చాలును.

3. మొదట రోజునకు ఒక చిన్న చెంచాతో ప్రారంభించవలెను. పెద్దవారికి రోజునకు ఒక పెద్ద చెంచాడు, అనగా సుమారు 12 గ్రాములు, చాలును. ఐరోపా దేశములు ఒకప్పుడు పొట్లములపై రోజునకు 15 గ్రాములు మించరాదని వ్రాయించెడివి. ఒక్కసారిగా ఎక్కువ తిన్నచో కడుపు ఉబ్బరము కలుగును.

4. ఈ గింజలు తిన్న రోజున నీరు ధారాళముగా త్రాగవలెను. నీరు చాలని పీచు మలబద్ధకమును పోగొట్టుటకు బదులు పెంచును.

5. షర్బతులో పంచదార ఎక్కువైనచో చక్కెర వ్యాధిగ్రస్తులకు మేలుకంటె కీడే ఎక్కువ. పలుచని మజ్జిగలో చిటికెడు ఉప్పు, నిమ్మరసము, నానిన సబ్జాతో త్రాగుట మేలు. రాగి జావలో కూడ కలుపవచ్చును.

6. అవిసె గింజలను దోరగా వేయించి, ఎండుమిరప, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు చేర్చి కారప్పొడిగా కొట్టుకొని అన్నములో కలుపుకొనవచ్చును. అవిసె గింజ పై పొర గట్టిది. నమలక మ్రింగిన గింజ అరుగక వెలుపలికి పోవును. పొడియే శ్రేష్ఠము.

మినుమునకు బదులు చియా?

మాగాణిలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు పదునులో మినుము చల్లుట మన డెల్టా రైతుల తెలివైన పద్ధతి. దున్నకము లేదు, నీటి తడులు అంతగా లేవు. మిగిలిన తేమతోనే పంట చేతికి వచ్చును. వేళ్ళ బుడిపెల వలన భూమికి నత్రజని చేరును. మినుము, పెసర, నువ్వులకు కేంద్ర ప్రభుత్వము కనీస మద్దతు ధర ప్రకటించుచున్నది. చియాకు అట్టి ధర లేదు. కొనువాడు ఉన్న సంవత్సరము మంచి ధర, లేని సంవత్సరము ఇంటిలో మూటలు.

మొక్క స్వభావమును కూడ చూడవలెను. చియా పగటికాలము తగ్గినప్పుడు పూయు మొక్క. జూన్‌లో విత్తినచో ఏపుగా పెరుగును గాని, సెప్టెంబరు దాటి పగలు పన్నెండు గంటలకు తగ్గినపుడే పూతకు వచ్చును. కావున దీనిని వానకారు చివర విత్తుదురు. నీరు నిలిచినచో వేళ్ళు కుళ్ళును. మాగాణి నల్లరేగడి దీనికి తగదు. నీరు ఇంకిపోవు ఎర్ర చలకలు, మెట్ట భూములు తగును. గింజ తయారగు వేళ వాన పడినచో కంకిలోనే గింజ జిగురు విడిచి పాడగును. నవంబరు, డిసెంబరులలో తుపానుల భయము గల మన తీరమునకు ఇది పెద్ద చిక్కు.

గింజ మిక్కిలి చిన్నది. వెయ్యి గింజలు కలిసి 1.3 గ్రాముల బరువు తూగును. అనగా ఒక కిలోలో ఏడు లక్షలకు పైగా గింజలుండును. అందువలన ఇసుకతో కలిపి పైపైన విత్తి, పలుచగా మట్టి కప్పవలెను. లోతుగా పడిన గింజ మొలవదు. మొదటి నెలలో కలుపు మొక్కలు దీనిని మ్రింగివేయును.

కావున మాగాణిలో మినుము మాని చియా వేయుట నేను సిఫారసు చేయను. మెట్ట గలవారు ఆసక్తియున్నచో రెండు మూడు సెంట్లలో ఒక సంవత్సరము వేసి చూచి, కొనువాని మాట వ్రాతమూలకముగా తీసికొన్న పిమ్మటనే విస్తరించవలెను.

సబ్జాకు ఈ తిప్పలేవియు లేవు. తొలకరిలో పెరటిలో నాలుగు రుద్రజడ మొక్కలు నాటినచో ఇంటికి కావలసిన గింజలు లభించును. కంకి గోధుమరంగుకు తిరిగి ఎండినపుడు కోసి, నీడలో ఆరబెట్టి, చేతులతో నలిపి, చేటతో చెరుగవలెను. పూతకాలములో తేనెటీగలు మూగును. అది ప్రక్కనున్న కూరగాయల పాదులకును లాభమే.

ముగింపు

ఆ రైతు మరునాడే భార్యను వెంటబెట్టుకొని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయెను. రక్తపోటు చాల ఎక్కువగా ఉన్నదని డాక్టరు చెప్పి, బిళ్ళలు తిరిగి మొదలు పెట్టించెను. కోతల సమయమున నేను ఆ ఊరు పోయినపుడు మాగాణిలో మినుము చల్లి యుండెను. అరుగు ప్రక్కన రుద్రజడ కంకులు ఎండుచుండెను. "ఇవి కొనక్కర్లేదు గదండీ" అని ఆయన నవ్వెను. "బిళ్ళ వేసుకున్నాకే మజ్జిగ ఇస్తున్నా బాబూ" అని ఆమె లోపలినుండి అనెను.

రైతు సోదరులు, సోదరీమణులు గమనింపవలసినది ఇదియే. చియా మంచి గింజ. కొనగలవారు, తెలిసి కొని, నానబెట్టి, మితముగా తినవచ్చును. కొనలేనివారు చింతింప పనిలేదు. పెరటిలోని సబ్జా, వంటింటిలోని నువ్వులు, బజారులో చవకగా దొరకు అవిసె కలిసి దాదాపు ఆ మేలునే చేయును. ఏ గింజయైనను అన్నములో తోడుగా ఉండవలెనే గాని, డాక్టరు వ్రాసిన మందు స్థానములో కూర్చుండరాదు. సందేహములున్నవారు పంట విషయమై దగ్గరలోని రైతు సేవా కేంద్రమును, ఆరోగ్య విషయమై ప్రాథమిక ఆరోగ్య కేంద్రమును సంప్రదింప కోరుచున్నాను.